రొయ్యల మేత కొట్టులో ఉద్యోగం

మా కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్ మెట్ల కింద ఉండేది. అంతకుముందు ఆ గదిలో క్యారమ్ బోర్డులు, క్రికెట్ కిట్లు, రిపబ్లిక్ డేకి వాడే జెండా కర్ర పడేసేవారు. నాకు ఆ గది ఇచ్చినప్పుడు సామానంతా తీయించి, ఒక కంప్యూటరూ రెండు కుర్చీలూ వేయించి, తలుపు మీద ఇంగ్లీషులో బోర్డు కొట్టించారు. జెండా కర్ర మాత్రం వేరే ఎక్కడా పట్టక అక్కడే ఉండిపోయింది. నేను రిటైరయ్యేదాకా నా గొడుగు దానికే తగిలించుకునేవాణ్ణి.

నేను స్టాటిస్టిక్స్ మాస్టారిని. అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. చివరి ఆరేళ్లూ పిల్లలకు ఉద్యోగాలు ఇప్పించే బాధ్యత కూడా నా నెత్తిన పెట్టారు. నాకే ఎందుకయ్యా అంటే, ఇంగ్లీషులో ఉత్తరం తప్పుల్లేకుండా రాస్తానట, ఎవరితోనూ గొడవ పడనట. మొదటిది కొంతవరకు నిజం. రెండోది పూర్తిగా నిజం, నా రోగమే అది.

ఇది చదివేవాళ్లలో ఈమధ్యే లెక్చరర్లుగా చేరినవాళ్లు ఉండొచ్చు. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లూ ఉండొచ్చు. నేను చేసిన మంచి పనులేమిటో నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి మరీ చెప్పారు కాబట్టి, అవి మళ్లీ చెప్పను. అక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. అది మాత్రం నేనే చెప్పాలి, ఎందుకంటే తెలిసినవాళ్లలో నోరు విప్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

ముందు మా పిల్లల పరిస్థితి కాస్త చెప్పాలి. పేరున్న కంపెనీ ఏదీ గోదావరి పాయలు దాటుకుని మా కాలేజీ దాకా రాదు. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఒక పెద్ద కాలేజీలో దిగుతుంది. చుట్టుపక్కల చిన్న కాలేజీల పిల్లలందరూ అక్కడికే వెళ్లాలి. దాన్ని పూల్ డ్రైవ్ అంటారు. మా పిల్లలకు పనికొచ్చేది ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు. అదీ ఆ ఏడు చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకే. పై ఏడు వెళ్తే, మీరు పాత బ్యాచ్ అండి, కుదరదు అంటారు. ఇరవై ఒక్క ఏళ్లకే మనిషి పాతబడిపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ డ్రైవుకి ఎవరు వెళ్లొచ్చో యూనివర్సిటీ పోర్టల్ నిర్ణయిస్తుంది. ప్రతి కాలేజీ తన పిల్లల పేర్లు, మార్కులు, ఉద్యోగం వచ్చిందో లేదో అందులో ఎక్కించాలి. ఉద్యోగం వచ్చినట్టు ఒకసారి ఎక్కిందంటే ఆ పేరు ఇక ఏ డ్రైవు లిస్టులోకీ రాదు. ఒక విద్యార్థికి ఒకే ఉద్యోగం అన్నది నియమం. ఆ నియమం పెట్టాలని యూనివర్సిటీ మీటింగులో లేచి వాదించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అంతకుముందు ఏడు ఒక కుర్రాడు మూడు కంపెనీల ఉత్తరాలు జేబులో వేసుకుని, ఒక్కదాంట్లోనూ చేరకుండా గ్రూప్స్ కోచింగ్‌కి హైదరాబాదు వెళ్లిపోయాడు. వాడి వెనక వరసలో ఉన్నవాళ్లు ఉత్త చేతులతో ఇళ్లకు పోయారు. అది చూసి నాకు మండుకొచ్చింది. నేను మాట్లాడి కూర్చుంటే హాల్లో చప్పట్లు కొట్టారు. నియమం మంచిదే. ఈ రోజుకీ మంచిదనే అంటాను. కాకపోతే అది నిజం ఉద్యోగాల కోసం పెట్టుకున్న నియమం.

మా దగ్గర ఇంకో రకం ఉద్యోగాలు ఉండేవి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం కొన్నేళ్లకోసారి వస్తుంది. గ్రేడు బాగుంటే తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి చేరుస్తారు, లేకపోతే పక్క కాలేజీ బస్సు ఎక్కిస్తారు. ఆ బృందం అడిగే వాటిలో ఒకటి, మీ పిల్లల్లో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, కాగితాలు చూపించండి అని. మా దగ్గర ఉన్న కాగితాలు ఎప్పుడూ చాలేవి కావు. అప్పుడు సర్దుబాటు ఉత్తరాలు పుట్టేవి. స్టాఫ్‌రూములో వాటిని అలాగే పిలిచేవాళ్లం. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి, ఫలానా విద్యార్థిని మా సంస్థలోకి తీసుకున్నాం అని వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకు రావడమే పని. కొబ్బరి పీచు ఫ్యాక్టరీ ఇచ్చేది, కంప్యూటర్ సెంటరు ఇచ్చేది, కరస్పాండెంటు గారి బావమరిది స్కూలు ఎన్ని అడిగితే అన్ని ఇచ్చేది. కాదన్నవాళ్లు లేరు. వాళ్ల పిల్లలో మేనల్లుళ్లో మా దగ్గరే చదువుతూ ఉండేవారు.

నా సర్వీసులో చివరిసారి తనిఖీ వచ్చిన ఏడు నేను ఒక రొయ్యల మేత కొట్టుకి కూడా వెళ్లాను. యజమాని మంచి మాటకారి.

“ఎంతమంది కావాలండీ మాస్టారూ? ఐదుగురు చాలా?” అన్నాడు, గెలలోంచి అరటిపళ్లు తెంపి ఇస్తున్నంత తేలిగ్గా.

“ముగ్గురు చాలండి. ఏ పోస్టని రాద్దాం?”

“మా కొట్లో ఉన్నవి రెండే పోస్టులండి. గల్లా దగ్గర నేను, మూటల దగ్గర మావోడు. మీకేది కావాలంటే అది రాసేసుకోండి.”

నేను సప్లై చైన్ అసోసియేట్ అని రాశాను. సంతకం పెడుతూ ఆయన, “పేరు బావుందండి, నాక్కూడా పెట్టుకోవచ్చాండీ?” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. టీ తెప్పించాడు, తాగి వచ్చేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఏ ఉత్తరం ఎవరి పేరు మీద తీసుకోవాలో తేల్చేది నేనే. ఇక్కడ మా తెలివి మీకు చెప్పాలి. నోరున్న పిల్లల్ని, తండ్రి వచ్చి గొడవ చేసే పిల్లల్ని తీసుకునేవాళ్లం కాదు. పిలిస్తే వచ్చి, చూపించిన చోట సంతకం పెట్టేవాళ్లనే తీసుకునేవాళ్లం. వాళ్లలోనూ మార్కులు బాగున్నవాళ్లను ముందు ఏరేవాళ్లం. మార్కుల్లేనివాడికి ఉద్యోగం వచ్చిందంటే తనిఖీవాళ్లకు అనుమానం వస్తుంది కదా. బాగా చదివే పిల్ల పేరు మీద ఉత్తరం ఉంటే ఎవరైనా నమ్ముతారు. అలా అబద్ధం ఉద్యోగాలన్నీ మా మంచి పిల్లలకే వెళ్లేవి. ముప్ఫై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినవాడిగా, ఈ ఎంపికలో ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేకుండా చేశాను.

అలా ఏరినవాళ్లలో ఒక అమ్మాయి ఉంది. అల్లవరం మండలంలో ఒక పల్లె. తండ్రి రొయ్యల చెరువుల దగ్గర కాపలా మనిషి. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పని చేసేది. పిల్ల ఆరో తరగతిలో ఉండగా వెళ్లిన మనిషి, మధ్యలో రెండేసార్లు సెలవు మీద వచ్చి వెళ్లింది. అమ్మాయి క్లాసులో పెద్దగా మాట్లాడేది కాదు గానీ చురుకు. డ్రైవుకి తయారు చేయడానికి నేను పిల్లలకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టేవాణ్ణి. ఉద్యోగం ఎందుకు కావాలి అని అడిగితే అందరూ నేర్పిన ఇంగ్లీషు ముక్కలు అప్పజెప్పేవారు. ఈ అమ్మాయి కాసేపు ఆగి తెలుగులో చెప్పింది.

“అమ్మని తీసుకొచ్చేయాలండి. నాకు ఉద్యోగమొస్తే ఈసారి వీసా రెన్యువల్ చేయించుకోనందండి. వచ్చేస్తానందండి.”

కంపెనీవాళ్ల దగ్గర ఇలా చెప్పకూడదమ్మా అని సరిదిద్దాను. ఆయ్, అలాగేనండి అంది.

మేత కొట్టు ఉత్తరాల మీద సంతకాల రోజున మిగతా ఇద్దరూ చదవకుండానే పెట్టేశారు. ఈ అమ్మాయి నిలబడి మొత్తం చదివింది.

“నాకు రొయ్యల మేత గురించి ఏం తెలీదు కదండీ?” అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు.

“అక్కడికి వెళ్లేదేం లేదమ్మా. ఇది ఫైలు కోసం.”

“దీనివల్ల నాకు డ్రైవుకి ఇబ్బందేం రాదు కదండీ?”

“ఏం రాదు.”

నేను చెప్పాను కాబట్టి పెట్టింది. వేరే కారణమేమీ లేదు.

పోర్టల్ పని మా కంప్యూటర్ లెక్చరర్ చూసేది. చిన్నావిడే గానీ జాగ్రత్త మనిషి. వివరాలు ఎక్కించేముందు నా గదికి వచ్చి అడిగింది.

“సార్, సర్దుబాటు వాళ్లని కూడా ఉద్యోగం వచ్చినట్టే పెట్టమంటారా? ఒకసారి పెడితే మనం తీయలేమండి. ఎంట్రీ తప్పని కాలేజీ రాసిస్తేనే యూనివర్సిటీవాళ్లు తీస్తారు.”

“ఫైల్లో ఒకటీ పోర్టల్లో ఒకటీ ఉంటే తనిఖీవాళ్లు పట్టేసుకుంటారమ్మా. పెట్టేయండి. డ్రైవు టైముకి నేను చూసుకుంటాను.”

“ఆ అల్లవరం అమ్మాయికి డ్రైవులో వచ్చేస్తుందండి సార్. ఆ ఒక్కర్తినీ వదిలేద్దామండి.”

వదిలేయాల్సింది. కానీ ముగ్గురి ఉత్తరాలు తెచ్చి ఇద్దరివే పెడితే మళ్లీ ప్రిన్సిపాల్ గారికి సంజాయిషీ చెప్పుకోవాలి. పెట్టేయండి అన్నాను.

తనిఖీ అయిపోయింది. వచ్చినవాళ్లకు పూతరేకులు పెట్టాం, పెరవలి నుంచి తెప్పించిన పువ్వుల దండలు వేశాం, ఫైళ్లన్నీ చూపించాం. గ్రేడు ఎప్పుడొస్తుందా అని అందరం ఎదురు చూస్తున్నాం. ఈలోగా కాకినాడలో డ్రైవు తేదీ వచ్చింది. చూసుకుంటాను అన్నాను కదా. సర్దుబాటు వాళ్లలో డ్రైవుకి వస్తానన్నది ఆ అల్లవరం అమ్మాయి ఒక్కర్తే. ఈ విద్యార్థిని పేరు కూడా దయచేసి పరిశీలించగలరు అని యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టాను. ఎందుకు పరిశీలించాలో అందులో రాయలేదు. రాస్తే అసలు సంగతి బయటపడుతుంది. జవాబు రాలేదు. కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని నాకు నేను చెప్పుకున్నాను.

డ్రైవు రోజు పొద్దున్నే పన్నెండు మంది పిల్లలతో కాలేజీ బస్సులో బయల్దేరాం. ఎదుర్లంక వంతెన దాటేదాకా పిల్లలు కిటికీల్లోంచి చూస్తూ ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. ఆ తర్వాత అందరూ పుస్తకాలు తీశారు. ఆ అమ్మాయి కొత్త చుడీదార్ వేసుకుంది. రాత్రి అమ్మ ఫోన్ చేసి ప్రార్థన చేసిందండి అని నాతో చెప్పింది.

అక్కడ హాలు బయట గోడకు లిస్టులు అంటించారు. మా పిల్లలు పదకొండు మంది పేర్లున్నాయి. ఆ అమ్మాయి పేరు లేదు. నేను రెండుసార్లు వేలు పెట్టి చదివాను. తర్వాత రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరికి వెళ్లాను. యూనివర్సిటీ తరఫున కూర్చున్న కోఆర్డినేటర్ నాకు మీటింగుల్లో బాగా పరిచయం ఉన్నాయన. కంప్యూటర్లో చూసి తల ఊపాడు.

“ఈ అమ్మాయికి ఉద్యోగం వచ్చేసిందని ఉంది కదండీ. సప్లై చైన్ అసోసియేట్. ఒకరికి ఒకటే అని నియమం పెట్టించింది మీరే కదా మాస్టారూ.”

“అది... చిన్న కొట్టండి. ఆ అమ్మాయి చేరలేదు.”

“చేరినా మానినా వచ్చినట్టే లెక్కండి. అది కూడా మీరే చెప్పేరు ఆ రోజు.” ఆయన గొంతు తగ్గించాడు. తెలియని మనిషేం కాదు, ప్రతి కాలేజీ సంగతీ ఆయనకు తెలుసు. “చూడండి మాస్టారూ, ఆ ఉద్యోగం అసలు లేదనుకోండి, ఎంట్రీ తప్పు అని కాలేజీ తరఫున ఓ రెండు ముక్కలు రాసి సంతకం పెట్టేయండి. ఇక్కడికిక్కడే పేరు చేర్చేస్తాను. పదకొండింటికి లిస్టు కంపెనీవాళ్ల చేతికి వెళ్లిపోద్ది. ఆ తర్వాత నా వల్ల కాదండి.”

తెల్లకాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. టైము పదిన్నర అయ్యింది.

ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. నాకన్నా పదేళ్లు చిన్న, నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడేవాడు. ఆ రోజూ మర్యాదగానే మాట్లాడాడు.

“రాస్తానంటే నేను కాదననండి మాస్టారూ. మీ ఇష్టం. కాకపోతే ఒకటి తప్పని మన చేత్తో రాసిస్తే, మిగతావి ఏమిటని అడుగుతారు కదండీ. గ్రేడు ఇంకా రాలేదు. ఆ ఒక్క పిల్ల కోసం మొత్తం కాలేజీని బజారుకి ఈడ్చుదామా? వచ్చే ఏడు చేరాల్సిన పిల్లలు, ఇంత స్టాఫు... మీరు పెద్దవారు, ఆలోచించండి.”

ఆయన నన్ను బెదిరించాడని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది. బెదిరించలేదు. ఆలోచించమన్నాడు. నేను ఆలోచించాను, అదే తప్పు. ఆ తెల్లకాగితం మీద తేదీ వేశాను. యూనివర్సిటీ కోఆర్డినేటర్ గారికి అని రాశాను. విషయం అని రాసి కింద గీత గీశాను. తర్వాతి వాక్యం నాకు నోట్లో తయారుగానే ఉంది. తప్పుల్లేని ఇంగ్లీషు వాక్యం. పెన్ను పక్కన పెట్టాను. సర్వీసు ఇంకా ఏడాది ఉంది. ఆ ఏడాదంతా స్టాఫ్‌రూములో నన్ను చూసి మాటలు ఆపేస్తారు, కాలేజీని ముంచినవాడు అంటారు. ఇవన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. వరండాలో ఫైలు పట్టుకుని నిలబడ్డ పిల్ల మాత్రం, నిజంగా చెబుతున్నాను, ఆ అరగంటలో నా ఆలోచనలోకి రావాల్సినంత రాలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కోఆర్డినేటర్ నా వైపు చూసి, లిస్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బయటికొచ్చాక ఆ అమ్మాయికి నేనేదో చెప్పాలి కదా. “పోర్టల్లో ఏదో పొరపాటు పడిందమ్మా. కనుక్కుంటున్నాను” అన్నాను.

“ఆ మేత కొట్టు ఉత్తరం వల్లేనాండీ?”

“అబ్బే, అదేం కాదు.”

నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. “ఆయ్, సరేనండి” అంది.

బస్సు సాయంత్రం గానీ వెనక్కి రాదు. అంచేత ఆ అమ్మాయి సాయంత్రందాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు బ్యాగులు, ఫోన్లు తీసుకెళ్లకూడదన్నారు. అవన్నీ ఈ అమ్మాయి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. బయటికి వచ్చినవాళ్లను ఏమడిగేరే అని అడిగి, లోపలికి వెళ్లేవాళ్లకు చెప్పి పంపింది. మావాళ్లు నలుగురు సెలెక్టయ్యారు. వాళ్లలో ఇద్దరు ఏడాది పొడుగునా ఈ అమ్మాయి నోట్సు చదివి పాసైనవాళ్లు. తిరుగు ప్రయాణంలో ఆ నలుగురూ కాజాలు కొని బస్సంతా పంచారు. ఆ అమ్మాయి తీసుకుని తింది, అందరికీ చేయి కలిపింది. నాకూ ఒక కాజా ఇచ్చారు. తిన్నాను.

నెల తిరక్కుండా గ్రేడు వచ్చింది. మేం ఆశించినదాని కన్నా ఒక మెట్టు ఎక్కువే వచ్చింది. కరస్పాండెంటు గారు బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. ఉద్యోగాలు పొందిన మా ఆణిముత్యాలు అని పైన అక్షరాలు, కింద వరసగా పిల్లల ఫొటోలు, ఇంగ్లీషులో పోస్టుల పేర్లు. ప్రూఫు నా దగ్గరికే వచ్చింది. మూడో వరసలో ఆ అమ్మాయి ఫొటో ఉంది, ఐడీ కార్డు కోసం తీయించుకున్నది. ఆ ఒక్క ఫొటో తీసేయమని చెప్పొచ్చు. చెబితే ఫైల్లో లెక్కకూ ఫ్లెక్సీలో లెక్కకూ తేడా వస్తుంది. ఒక పేరులో పొల్లు తప్పితే దిద్ది, ఓకే అని పంపించేశాను.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఉద్యోగం మీ తెలివిని బట్టి వస్తుందని మీకు చెబుతారు. నేనూ క్లాసులో అదే చెప్పేవాణ్ణి. తెలివి కావాలి, కాదనను. కానీ అంతకుముందే మీకు తెలియని గదుల్లో మీ పేరు మీద ఎవరో ఏవో గడులు నింపేసి ఉంటారు. మీరు ఏ కాలేజీ నుంచి వచ్చారో ఒక గడి, ఏ ఏడు పాసయ్యారో ఒక గడి, మీకు ఉద్యోగం వచ్చిందా అన్నది ఇంకో గడి. ఆ గడులు నింపేవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు. నాలాంటి మెతక మనిషైతే సరిపోతుంది. మీలో ఎవరైనా రేపు నా కుర్చీలో కూర్చుంటే, గొడవ పడని మంచివాడని మిమ్మల్ని పొగుడుతున్నారంటే కాస్త భయపడండి.

ఇక చివరి సంగతి. నా రిటైర్మెంటుకి ఇంకా ఆరేడు నెలలుందనగా, ఒక రోజు పదింటి వేళ నా గది తలుపు దగ్గర ఒకావిడ నిలబడింది. నలభై దాటి ఉంటాయి. ఆవిడ వెనకాల ఆ అమ్మాయి.

“వందనాలండి మాస్టారు. మాది అల్లవరం అవతలండి. దీని తల్లినండి. కువైట్ నుంచి మొన్ననే వచ్చేనండి.”

కూర్చోమన్నాను. ఆవిడ కూర్చుంది, అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆవిడ ఫోన్ తీసి ఒక ఫొటో నా ముందు పెట్టింది. బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ.

“ఇది మీ కాలేజీదేనాండి?”

“మాదేనండి.”

“మా ఊరోళ్లు ఎవరో తీసి వాట్సాప్‌లో పంపేరండి. కింద ఉద్యోగం పేరు ఇంగ్లీషులో ఉందండి, నాకు రాదు, అక్కడ మా మేడమ్ కూతురు చదివి చెప్పిందండి, మీ అమ్మాయికి మంచి ఉద్యోగం వచ్చిందీ అని. ఆ పిల్లే స్వీట్లు కూడా పెట్టిందండి నాకు.” ఆవిడ ఆగి కూతురి వైపు చూసి మళ్లీ నా వైపు తిరిగింది. “ఇదేమో రాలేదంటదండి. మొదట్నుంచీ అదే మాటండి. కాలేజీ వోళ్లు ఊరికే రాసేరమ్మా, నేను బట్టల షాపులో బిల్లులు కొడతన్నానంటదండి. నేను నమ్మలేదండి. అంత పెద్ద కాలేజీ వోళ్లు, చదువుకున్నోళ్లు, బజార్లో బోర్డు కట్టి మరీ అబద్ధమెందుకు రాస్తారండీ? వచ్చిన ఉద్యోగం చేయలేక మానేసి, ఆ నెపం కాలేజీ మీద పెడతన్నావు, నన్నింకా అక్కడే ఉంచుదామనుకుంటన్నావు అని నానా మాటలూ అన్నానండి. నెల్రోజులు దీంతో మాట్లాడలేదండి. వీసా క్యాన్సిల్ చేయించుకుని వచ్చేసేను. ఇప్పుడు మళ్లీ వెళ్లాలంటే మొదట్నుంచీ తిరగాలండి, ఆ ఇంట్లో వేరే మనిషిని పెట్టేసుకున్నారు.”

ఆవిడ గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని వచ్చిన మనిషి అడుగుతున్నట్టే అడిగింది.

“మీరే చెప్పండి మాస్టారూ. ఎవరిది నిజమండి?”

గుమ్మం దగ్గర అమ్మాయి నా వైపు చూడటం లేదు. ఈయనేం చెబుతాడో నాకు తెలుసు అన్నట్టు వరండా వైపు చూస్తోంది.

“మీ అమ్మాయి చెప్పిందే నిజమండి” అన్నాను. “ఉద్యోగం లేదు. ఉత్తరం నేనే రాయించాను. దానివల్లే అసలు ఉద్యోగానికి పోటీ పడనివ్వలేదు. ఆ రోజు నేనొక కాగితం రాసిస్తే పోటీ పడేది. రాయలేదు. తప్పంతా నాది.”

ఇంత కాలం తర్వాత ఆ మాట నోట్లోంచి తేలిగ్గానే వచ్చేసింది. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. ఆవిడ తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కూతుర్ని దగ్గరికి పిలవలేదు, తనను క్షమించమని దాన్ని అడగలేదు. తర్వాత మెల్లగా అంది.

“ఆ ముక్క కాగితం మీద రాసివ్వగలరాండీ? వాళ్ల నాన్న నమ్మట్లేదండి. ఊళ్లో ఎవ్వరూ నమ్మట్లేదు. ఇది పని దొంగ అంటన్నారు. నేను చెప్తే కూతుర్ని వెనకేసుకొస్తందంటారు. కాలేజీ కాగితమైతే నమ్ముతారండి.”

లెటర్‌హెడ్ తీశాను. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేయలేదు. తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అమ్మాయి లోపలికి వచ్చి కాగితం తీసుకుంది. మొదటి నుంచి చివరిదాకా చదివింది. నాలుగు మడతలు పెట్టి తల్లి చేతికి ఇచ్చింది.

“నువ్వే దాచుకో అమ్మా. ఇప్పుడు నాకెందుకది?” అంది.